ఆవిరిగొడుగు



గడచిన కార్తీకమాసంలో ఒకనాటి ఉదయం మా తమ్ముని కుమారుడు మా ఇంటికి వచ్చి ఒక కాగితం నా ముందుంచాడు. నర్సీపట్నంలోని ఒక వెల్డింగు దుకాణంవారు వ్రాసి ఇచ్చిన అంచనా అది. అందులో మూడు ధరలున్నాయి. జింకు పూసిన ఇనుపరేకుకు ఒకటి, అల్యూమినియానికి ఒకటి, స్టెయిన్‌లెస్ స్టీలుకు ఒకటి. మొదటిదానికీ చివరిదానికీ సుమారు మూడురెట్ల వ్యత్యాసం. “పెదనాన్నా, వీటిలో ఏది వేయించమంటారు?” అని అడిగాడు.

ముప్పదేళ్ళకు పైబడి పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పి పదవీవిరమణ చేసినవాణ్ణి నేను. రేకుల సంగతి నన్నడగడం చూసి మా ఇంట్లోవారు నవ్వారు. అయితే వాడు నన్ను అడగడానికి కారణం ఉన్నది. బెల్లం పెనం మీద ఆవిరిని పట్టి బయటకు పంపే గొడుగు ఒకటి అమెరికాలో చూసి వచ్చి, దాని సంగతి వాడికి చెప్పినవాణ్ణి నేనే. దుకాణంవారు దానిని ‘హుడ్డు’ అంటున్నారు. నేను ఆవిరిగొడుగు అంటున్నాను. నేను ఆ ప్రశ్నకు శ్రద్ధగా జవాబు చెప్పడానికి మరొక కారణం కూడా ఉన్నది. అది వాడికి తెలియదు. ఆ రెండవ కారణం చెప్పడానికే ఇది వ్రాస్తున్నాను.

మా పొలం నర్సీపట్నం నుండి మాకవరపాలెం వెళ్ళే దారికి దగ్గరలో ఉన్నది. మా తాతగారి కాలం నుండి అక్కడ చెరకు వేసి, గానుగ ఆడించి, బెల్లం వండి అనకాపల్లి యార్డుకు తోలేవారు. ఎడ్లగానుగ పోయి ఆయిలింజను వచ్చింది. అదీ పోయి కరెంటు మోటారు వచ్చింది. పొయ్యీ పెనమూ మాత్రం మారలేదు.

బెల్లం వండడమంటే నిజానికి నీటిని సాగనంపడమే. మంచి చెరకురసంలో తీపి నూటికి పదహారు మొదలు ఇరవై పాళ్ళ వరకూ ఉంటుంది. తక్కినదంతా దాదాపు నీరే. మూడువందల లీటర్ల రసం పెనంలో పోస్తే చివరకు మిగిలే బెల్లం యాభై అయిదు కిలోలకు అటూయిటూగా ఉంటుంది. మడ్డి తీసివేయగా, ఇంచుమించు 240 లీటర్ల నీరు ఆవిరి కావాలి. ఒక లీటరు నీరు మరిగి ఆవిరైతే సుమారు 1,670 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. ఈ లెక్కన ఒక్క పెనం నుండి వెలువడే ఆవిరి మా పాఠశాలలోని తరగతిగదులు మూడింటిని నింపి ఇంకా మిగులుతుంది. ఇంత ఆవిరీ పైకప్పును తాకే బయటకు పోతుంది. తాకినచోట కొంత చల్లబడి మళ్ళీ నీరవుతుంది. ఆ నీరు ఎక్కడ పడుతుందన్నదే అసలు ప్రశ్న.

తాటాకు పాకలో ఈ ప్రశ్న అంతగా పుట్టేది కాదు. ఆకు కొంత తడిని పీల్చుకొనేది, సందుల నుండి ఆవిరి వెళ్ళిపోయేది. దాని బాధ వేరు. పొయ్యి నుండి ఒక్క నిప్పురవ్వ లేస్తే పాక పాకంతా పోయేది. మా చిన్నతనంలో ఆ చుట్టుపక్కల కాలిపోని పాక అరుదు.

అందువల్లనే మా నాన్నగారు 1981 చివరలో పాక మీది తాటాకు తీయించి, ఎక్కడో గోదాము కూల్చినప్పుడు అమ్మిన పాత ఇనుపరేకులు కొని వేయించారు. ఊళ్ళో రేకులపాక మాదే మొదటిది. నాన్నగారు వచ్చినవారికందరికీ దానిని చూపించేవారు.

అప్పుడు నేను తెలుగు పండిత శిక్షణలో ఉన్నాను. 1982 సంక్రాంతి సెలవులకు ఇంటికి వచ్చాను. తెల్లవారుజామున పెనం ఎక్కించేవారు. పైన లంబసింగి కొండల నుండి దిగే చలికి చేతులు కొంకర్లు పోతుంటే పొయ్యి దగ్గర కూర్చోవడమే సుఖం. చెరకుపిప్పి ఎగదోసేవారు ఒకరు, మడ్డి తీసేవారు ఒకరు, పాకం చూసే పనివాడు ఒకరు. ఆ పాకం చూసే ఆయన మా తాతగారి కాలం నుండి మా గానుగలో పనిచేసిన మనిషి. ఆయన పేరు ఇక్కడ వ్రాయను. గిన్నెలోని చన్నీళ్ళలో పాకపు చుక్క వేసి, వ్రేళ్ళతో ఉండ చేసి, అదను చెప్పేవాడు. ఆయన చెప్పిన అదను తప్పగా నేను చూడలేదు.

ఆ తెల్లవారుజామున నేను లాంతరు వెలుగులో అలంకారశాస్త్రం చదువుకుంటున్నాను. ఆయన పైకి చూసి, “రేకు ఏడస్తంది బాబూ” అన్నాడు.

నేను పరవశించిపోయాను. అక్షరం రాని మనిషి నోట ఎంత చక్కని మాట! అచేతనమైన రేకుకు ఏడుపును ఆరోపించాడు గదా అని వెంటనే నా నోటుపుస్తకంలో వ్రాసుకున్నాను. ఇది ఉత్ప్రేక్ష అవుతుందా, సమాసోక్తి అవుతుందా అని సెలవుల తరువాత మిత్రులతో చర్చ కూడా చేశాను. ఆయన మరి రెండుసార్లు అదే మాట అన్నాడు. నేను తల ఎత్తి పైకి చూడలేదు.

ఆనాటి బెల్లం నల్లబడింది. మరునాటిదీ అంతే. అనకాపల్లి యార్డులో బెల్లానికి రంగే ప్రాణం. మొదటి రకం పలకవలసిన సరుకు మూడవ రకం క్రింద పోయింది. నాన్నగారు మండిపడుతూ తిరిగి వచ్చారు. పెనం సరిగ్గా తోమలేదనీ, పాకం మాడబెట్టాడనీ ఆయన మీద నేరం మోపారు. ఆయన “రేకు నుంచి కారిందండి” అన్నాడు. నాన్నగారు తమ కొత్త పాకను అంటున్నాడని మరింత కోపగించారు. నా వైపు తిరిగి, “నువ్వు అక్కడే ఉన్నావు కదా, ఏం జరిగింది?” అని అడిగారు.

“నేను చదువుకుంటున్నాను నాన్నగారూ, చూడలేదు” అన్నాను. అది అబద్ధం కాదు. అయినా నేను చెప్పవలసిన మాట ఒకటి ఉన్నది. ఆయన మూడుసార్లు హెచ్చరించాడని చెప్పవచ్చు. అది హెచ్చరిక అని నాకే తోచలేదు. ఆ సీజను కూలిలో కొంత పట్టుకొని ఆయనను మానిపించారు.

తరువాత నాకు ఉద్యోగం వచ్చింది, ఊరు మారింది. నాన్నగారు కాలం చేశారు. ఆ ‘రేకు ఏడుపు’ను మాత్రం నేను తరగతిలో అలంకారాలు చెప్పేటప్పుడు ప్రతి సంవత్సరమూ ఉదాహరణగా వాడుతూనే వచ్చాను. పిల్లలు ఆనందించేవారు.

2019 మార్చిలో మా అమ్మాయి దగ్గర కొన్ని నెలలు ఉండడానికి అమెరికా వెళ్ళాను. అక్కడికి వెర్మాంట్ రాష్ట్రం కారులో మూడు గంటల దూరం. రాత్రి గడ్డకట్టే చలి, పగలు మంచు కరిగే ఎండ ఉండే ఆ రోజులలోనే అక్కడ మేపుల్ చెట్టు నుండి తీపినీరు కారుతుంది. దానిని పట్టి, మరిగించి పానకం తీస్తారు. మా అల్లుడు మమ్మల్ని అటువంటి ఒక పాకకు తీసుకొనివెళ్ళాడు. లోపలికి అడుగు పెట్టగానే వచ్చిన వాసనకు నాకు మా పొలం గుర్తుకు వచ్చింది.

వారి కష్టం మనకన్న ఎక్కువ. ఆ చెట్టునీటిలో తీపి నూటికి రెండు పాళ్ళే. నలభై లీటర్లు మరిగిస్తే ఒక లీటరు పానకం. అది 104 డిగ్రీల వద్దనే దింపుతారు. మన బెల్లం గట్టిపడాలంటే 116, 118 దాకా పోవాలి. ఇంత నీరు ఆవిరి చేయవలసినవారు గనుక ఆవిరి విషయంలో వారు చాలా ఆలోచించారు. పాక నడికప్పు మీద చిన్న మేడవంటి తెరపి పెట్టి, దాని తలుపులు తెరిచి ఆవిరిని వదలడం వారి పాత పద్ధతి. ఇప్పుడు పెనం మీదనే తళతళలాడే స్టీలుగొడుగు దించి, గొట్టం ద్వారా కప్పు పైకి పంపుతున్నారు.

ఆ గొడుగు లోపలి అంచు చుట్టూ ఒక సన్నని దోనె ఉన్నది. దాని కొసన చిన్న గొట్టం, క్రింద బకెట్టు. బకెట్టులోకి నీరు ధారగా పడుతున్నది. ఇది ఎందుకని మా అల్లుని చేత అడిగించాను. గొడుగుకు తగిలి నీరైన ఆవిరి మళ్ళీ పెనంలో పడకుండా దోనె పట్టుకుంటుందనీ, పైనుండి పడే ప్రతి చుక్కా తాను తాకినదాని నంతా పానకంలోకి తెస్తుందనీ ఆ రైతు చెప్పాడు. పాకబయట పూలమొక్క వేసిన పాత రేకుబకెట్టు ఒకటి చూపించాడు. దాని అతుకులకు సీసం కలిసిన టంకం ఉన్నదట. ఆ సీసం పానకంలోకి దిగుతుందని తెలిసిన తరువాత అటువంటివి వాడుక మానారట.

నేను ఆ బకెట్టులో పడే నీటిని చూస్తూ నిలబడిపోయాను. రేకు ఏడుస్తున్నది. ముప్పదియేడేళ్ళ తరువాత నాకు ఆ వాక్యం అర్థమైంది. అది ఉత్ప్రేక్షా కాదు, సమాసోక్తీ కాదు. ఉన్నది ఉన్నట్లు చెప్పిన స్వభావోక్తి. అదైనా పండితుడు పెట్టే పేరే. ఆయన చెప్పినది ఒక వార్త.

మా పాత రేకులకు తుప్పు ఉన్నది. పొయ్యి నుండి లేచిన మసి వాటికి అంటుకున్నది. సంక్రాంతి చలికి రేకు చల్లగా ఉండి, ఆవిరి తగలగానే నీరై, తుప్పునూ మసినీ కడుక్కొని పెనంలోకి కారింది. చెరకురసంలోని కొన్ని వగరు పదార్థాలకు ఇనుము కలిస్తే రంగు నలుపెక్కుతుంది. పెనమూ ఇనుపదే కదా, దానివల్ల రాని నలుపు కప్పువల్ల ఎందుకు వచ్చిందని ఎవరైనా అడగవచ్చు. పెనాన్ని ప్రతిదినం తోముతాము. కప్పును ఎవరు తోముతారు?

ఇక మా అబ్బాయి తెచ్చిన కాగితం దగ్గరకు వస్తాను. వాడు హైడ్రోస్ వేయకుండా బెల్లం వండి విశాఖలోని ఒక దుకాణానికి ఇస్తున్నాడు. హైడ్రోస్ వేస్తే రంగు తేలుతుంది, ఇటువంటి మరకలు కొంత కప్పబడిపోతాయి. వేయనివాడి బెల్లంలో ప్రతి చుక్కా కనబడుతుంది. కాబట్టి వాడికి ఈ ఎంపిక చిన్న విషయం కాదు. ఇద్దరమూ కూర్చొని ఒక్కొక్కటే ఆలోచించాము.

సిమెంటురేకు మాట మొదటనే తీసివేశాము. మన దగ్గర పాత సిమెంటురేకులలో ఉండేది ఆస్బెస్టాస్. వయసు పైబడి పెళుసెక్కిన రేకు నుండి రాలే నూగును పీలిస్తే ఊపిరితిత్తులకు ప్రమాదం. తినే వస్తువు మీద దానిని ఉంచరాదు.

జింకురేకు చవక, దొరకనిచోటు లేదు. కాని జింకు పులుపుకు ఓర్వదు. చెరకురసం కొంచెం పులుపు గుణం కలదే. పొంగి చింది రేకుకు అంటిన తుంపర ఎండి, మరునాటి ఆవిరికి నాని, పూతను కొద్దికొద్దిగా తింటుంది. తెల్లని పొడి లేస్తుంది, అది కారుతుంది. పూత పోయినచోట తుప్పు. ఇది 1982 నాటి కథ మళ్ళీ మొదలుపెట్టడమే. పైగా రేకుపనివారు అతుకులకు టంకం పోస్తారు. అందులో సీసం ఉంటే వెర్మాంట్ రైతు బకెట్టు కథ కూడా తోడవుతుంది.

రాగి మాట మా తమ్ముడు ఎత్తాడు. ధర సంగతి అటుంచి, రాగికి కళాయి కావాలి. కళాయి వేసేవారు మా వీధికి వచ్చి ఎన్నేళ్ళయిందో లెక్కపెట్టి ఊరుకున్నాము.

అల్యూమినియం వద్ద చాలాసేపు ఆగాము. దానిలో గొప్ప సౌకర్యం బరువు. ఉక్కులో మూడవవంతే తూగుతుంది. మేపుల్ పెనం కదలదు. మన పెనం పాకం అదనుకు రాగానే మనుషులు పట్టి దింపవలసినది. కాబట్టి మన గొడుగు ప్రతిసారీ కప్పీ మీద పైకి లేవాలి. తేలికైనది మేలే కదా! కాని అల్యూమినియానికి క్షారం పడదు. రసంలోని మడ్డి విరగడానికి మనం సున్నపుతేట వేస్తాము. తుంపరలో అది కొంత ఉంటుంది. అంతకన్న ముఖ్యం, మన ఆడవారైనా పనివారైనా మసి పట్టినదానిని బూడిదతో తోముతారు, లేదా చాకలిసోడాతో కడుగుతారు. ఆ రెండూ అల్యూమినియాన్ని తినేవే. ఒక వస్తువును మన అలవాటు ప్రకారం శుభ్రం చేయలేకపోతే అది మన ఇంట నిలవదు. దానికి చక్కగా వెల్డింగు చేయగలవారు కూడా మా ఊళ్ళో దొరకలేదు.

మిగిలినది స్టెయిన్‌లెస్ స్టీలు. ఇనుముకు నూటికి పదిన్నర పాళ్ళకు తక్కువ కాకుండా క్రోమియం కలిపితే పైన కంటికి కనబడని పలుచని పొర ఏర్పడుతుంది. గీత పడినా గాలి తగలగానే ఆ పొర మళ్ళీ కట్టుకుంటుంది. ఇంగ్లండులోని షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ దీనిని 1913లో తయారుచేశాడు. మన అనకాపల్లిలో వ్యవసాయ పరిశోధనకేంద్రం వెలసినదీ 1913లోనే. ఈ రెండూ ఒకనాటికి ఒక బెల్లం పాకలో కలుసుకోవాలని ఉన్నది కాబోలు.

స్టీలులోనూ రకాలున్నాయి. మన వంటపాత్రల అడుగున 18/8 అని ఉండేది నూటికి పద్దెనిమిది పాళ్ళు క్రోమియం, ఎనిమిది పాళ్ళు నికెల్ అని. దుకాణాలలో దానినే 304 అంటారు. 202 అనే చవకరకంలో నికెల్ తగ్గించి మాంగనీసు కలుపుతారు. తడీ పులుపూ ఉన్నచోట అది 304 అంత నిలవదు. అయస్కాంతం అంటకపోతే మంచిదని కొందరు నమ్మిస్తారు. ఆ రెండింటికీ అయస్కాంతం సరిగా అంటదు. కాబట్టి అది పరీక్ష కాదు. రేకు మీది ముద్ర చూసి, బిల్లులో 304 అని వ్రాయించుకోవాలి. పాత స్టీలు కొనేవారి దగ్గర రంగు మారే పరీక్షద్రవం ఉంటుంది. మా అబ్బాయి దానితోనూ చూపించుకున్నాడు.

బరువు సమస్యకు 0.8 మిల్లీమీటర్ల పలుచని రేకు తీసుకున్నాము. చదరపు మీటరు ఆరు కిలోల పైచిలుకు తూగుతుంది. గొడుగంతా యాభై కిలోలకు మించలేదు. కప్పీకి రెండవ వైపు ఇసుకబస్తా కట్టాము. ఒక మనిషి ఒక చేత్తో ఎత్తగలుగుతున్నాడు.

పని చేసేవారికి రెండు మూడు మాటలు చెప్పవలసి వచ్చింది. స్టీలును ఇనుపబ్రష్షుతో గీకరాదు, ఇనుము కోసిన చక్రంతో రాపిడి పెట్టరాదు. అంటుకున్న ఇనుపరజనే తుప్పు పట్టి స్టీలుకు చెడ్డపేరు తెస్తుంది. వెల్డింగు వేసినచోట లేచిన నీలిచారలు తీసివేయాలి. లేకపోతే తుప్పు అక్కడే మొదలవుతుంది. టంకం ఎక్కడా వద్దు, ఇనుపరివిట్లు వద్దు.

అన్నిటికన్నా ముఖ్యం పైగొట్టం అతుకు. ఇంటికప్పు వేసేవారికి పైరేకు క్రిందిరేకు మీదికి రావడం అలవాటు. వాన బయటి వైపు జారుతుంది గనుక అది సరి. ఆవిరిగొట్టంలో నీరు లోపలి వైపు జారుతుంది. కనుక పైముక్క క్రిందిముక్క లోపలికి దిగాలి. లేకుంటే నీరు అతుకులో నుండి బయటకు వచ్చి మసిని కడుక్కుంటూ పాకలోకి కారుతుంది. మేస్త్రి మొదట నవ్వాడు. మగ్గుతో నీళ్ళు పోసి చూపించాక ఒప్పుకున్నాడు. గొడుగు పక్కలు బాగా వాలుగా పెట్టించాము. పరచినట్లుంటే చుక్క ఉన్నచోటనే వ్రేలాడి పడిపోతుంది. వాలుగా ఉంటే జారి దోనెలో చేరుతుంది.

సంక్రాంతి ముందు మొదటి పెనం ఎక్కించాము. చలి గట్టిగానే ఉన్నది. దోనె గొట్టం క్రింద పెట్టిన బకెట్టు దింపేలోగా నిండింది. ఆ నీటిని తెల్లని గిన్నెలో పోసి చూశాము. మొదట కొంచెం మబ్బుగా, తరువాత తేటగా ఉన్నది. వెనుక ఆ నీరంతా ఎక్కడికి పోయేదో మా అబ్బాయికి అప్పుడు చెప్పాను. 1982 సంగతి కూడా అప్పుడే చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “వాళ్ళ ఊరు మీకు తెలుసా పెదనాన్నా?” అన్నాడు.

తెలుసు. ఇన్నేళ్ళూ తెలుసు. రోలుగుంట వైపు, ఆటోలో వెళ్ళే దూరం.

ఆయన పోయి పదేళ్ళు దాటిందట. కుమారుడు ట్రాక్టరు నడుపుతున్నాడు. నన్ను గుర్తుపట్టి కుర్చీ వేశాడు. నేను వచ్చిన పని చెప్పడానికి చాలా మాటలు వెదుక్కున్నాను. చివరకు, “మీ నాన్నగారు ఆనాడు చెప్పినది నిజం. తప్పు మా రేకుది. నేను విని కూడా చెప్పలేదు” అన్నాను. అతడు ఆశ్చర్యపోలేదు. “తెలుసు మేష్టారూ. మా అయ్య చెప్పేవోడు. ఆ తరవాత ఏ పాకలో పనికెళ్ళినా ముందు పైకి చూసేవోడు” అన్నాడు.

ఆనాడు పట్టుకున్న కూలి ఎంతో నాకు సరిగా తెలియదు. తోచినంత ఒక కవరులో పెట్టి తీసుకువెళ్ళాను. అది బాకీయే కాని దానం కాదని చెప్పాను. అతడు తీసుకోలేదు. “మా అమ్మకి ఇయ్యండి” అని లోపలికి దారి చూపాడు.

ఆమెకు చూపు మందగించింది. ఎవరి అబ్బాయినో చెప్పగా నా చెయ్యి పట్టుకొని తడిమి చూసింది. కవరు పక్కన పెట్టింది. నేను చెప్పినదంతా విని, “ఇప్పుడైనా ఆ రేకు మార్సేరా బాబూ?” అని అడిగింది.

“మార్చామమ్మా” అన్నాను.

స్వస్తి.